మట్టిలోని లోహమును వినుట



మన గోదావరి సీమలో ఒక వస్తువు పోయినదనగానే జనులకు ముగ్గురు జ్ఞప్తికి వత్తురు. మొదటివాడు అంజనము వేయువాడు. ఆతడు తమలపాకునకు కాటుక పూసి, అందు దొంగ రూపము కనబడుచున్నదనును. రెండవయామె ఎఱుక చెప్పునది. ఆమె “మీ చేరువవారే, మీ చెంత తిరుగువారే” అని పలుకును. చేరువవారు లేని మనుష్యుడెవ్వడును లేడు గనుక ఆ మాట ఎన్నడును తప్పిపోదు. మూడవవారు ఊరిపెద్దలు. వారు పై యిరువురి మాటలును విని, ఎవరో యొక నిరుపేదను పిలిపించి ప్రశ్నింతురు.

నేడు నేను చెప్పబోవునది ఈ ముగ్గురితోను పనిలేని వేఱొక మార్గమును గూర్చి. అది ఒక యంత్రము. మట్టిలో దాగియున్న లోహము మీదుగా దీనిని త్రిప్పినచో ధ్వని చేయును. ఇంగ్లీషువారు దీనిని పల్స్ ఇండక్షన్ మెటల్ డిటెక్టరు అందురు. స్పందప్రేరణ లోహశోధకమని మనము పిలుచుకొనవచ్చును. నేను తెలుగు పండితుడనేగాని విద్యుచ్ఛాస్త్రవేత్తను కాను. అయినను దీనిని నా యింటి అరుగుమీదనే ఒక పూర్వశిష్యుని సాహాయ్యముతో తయారుచేసితిని. ఏల చేసితినో ముందుగా మనవిచేసెదను.

మా గ్రామము కోనసీమలో గౌతమీ వైనతేయముల నడుమనున్నది. ఒక శ్రావణమాసమున సార్వా నాట్లు సాగుచుండగా, కూలికి వచ్చిన ఒక యామె మెడలోని పసుపుత్రాడు తెగి, రెండు పుస్తెలును కనబడకపోయెను. సాయంకాలము గట్టెక్కి మెడ తడిమికొనునప్పటికి గాని ఆమెకు తెలియలేదు. ముప్పది సెంట్ల మడి, మోకాలిబంటి బురద, అప్పుడే నాటిన నారు. పదిమందియు దిగి చేతులతో దేవిరి. దొరకలేదు. మఱునాడు అంజనము వేయించిరి. “ప్రక్కవరుసలో నాటినదే” యని అంజనగాడు చెప్పెను. ప్రక్కవరుసలో నాటినది ఒక వితంతువు. ఆమెకు ఇద్దరు పిల్లలు.

రచ్చబండకడ పెద్దలు కూడినప్పుడు నన్నును పిలిచిరి. “పండితులుగారూ, అంజనమునకు శాస్త్రమున్నదా?” అని అడిగిరి. నేను “చెప్పలేము” అంటిని. లేదని నాకు తెలియును. నలువురు కూర్చున్నచోట ఎదురు చెప్పుటకు మొగమాటపడితిని. ఆ ఒక్క మాటతో వ్యవహారము ముగిసెను. ఎవరును ఆమెపై ఫిర్యాదు చేయలేదు, దండన విధింపలేదు. కాని ఆ నాటినుండి నాట్లకుగాని, కలుపుతీతకుగాని, కోతలకుగాని ఆమెను పిలిచినవారు లేరు. మా యింటి ముందునుండియే ఆమె ప్రొద్దుట ప్రక్క యూరికి పనికై నడచి పోవుచుండెను. అది చూచుచు నేను అరుగుమీద కూర్చుండలేకపోతిని. యంత్రమునకు మూలమిది.

ఇక యంత్రము పనిచేయు విధము. దేవాలయమున కంచుగంటను మ్రోగించి చేయి తీసివేసినను మ్రోత కొంతసేపు నిలుచును. మట్టికుండను కొట్టినచో శబ్దము వెంటనే అణగిపోవును. కన్నులు మూసికొనియున్నవాడుకూడ కొట్టబడినది కంచో మట్టియో చెప్పగలడు. కొట్టినప్పటి శబ్దమును విడిచి, కొట్టిన పిమ్మట మిగిలిన మ్రోతను వినుటయే ఈ యంత్రముయొక్క రహస్యము.

కొట్టునది చేయి కాదు, అయస్కాంతక్షేత్రము. మాఱుచున్న అయస్కాంతక్షేత్రము చెంతనున్న తీగలో విద్యుత్ప్రవాహమును పుట్టించునని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. అట్లు పుట్టిన ప్రవాహము తన పుట్టుకకు కారణమైన మార్పును ఎదిరించునని 1834లో లెంజ్ నిర్ణయించెను. తీగయే కానక్కఱలేదు, లోహపు ముక్క ఎట్టిదైనను దానిలో ఈ ప్రవాహములు నీటిసుడులవలె తిరుగును. కనుక వానిని సుడిప్రవాహములని చెప్పుకొందము. ఒక తీగచుట్టలో విద్యుత్తును పంపి, హఠాత్తుగా ఆపివేసినచో, దాని అయస్కాంతక్షేత్రము కూలిపోవును. ఆ కూలుటచేత మట్టిలోని లోహమున సుడిప్రవాహము పుట్టును. తీగచుట్టలోని అలజడి అణగిన పిదపకూడ ఆ సుడి క్షణకాలము తిరుగుచునే యుండును. దాని ప్రభావము తిరిగి అదే తీగచుట్టకు తగులును. లోహము లేనిచో అట్టి మిగులు ఉండదు.

క్షణకాలమంటిని, అది మన క్షణము కాదు. సెకండులో పదిలక్షలవ పాలును మైక్రోసెకండు అందురు. పెద్ద యినుపముక్కలోను, రాగిచెంబులోను సుడి నూఱు మైక్రోసెకండులకు పైగా నిలువవచ్చును. పలుచని చిన్న బంగారుబిళ్లలో ఐదాఱు మైక్రోసెకండులలోనే చాలవఱకు ఆఱిపోవును. ఈ భేదమును దయచేసి గుర్తుంచుకొనుడు. నా కష్టమంతయు ఇందులోనే యున్నది.

లోహమును విద్యుత్తుతో వెదకుట క్రొత్త విషయము కాదు. 1881 జూలైలో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు తుపాకిదెబ్బ తిన్నప్పుడు, టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఆయన శరీరమున దాగిన గుండును ఒక విద్యుత్సాధనముతో వెదకెను. సాధనము ప్రయోగశాలలో చక్కగా పనిచేసినది. రోగి చెంత మాత్రము గుండు జాడ తెలుపలేదు. ఆయన పడుకొన్న పరుపులో ఉక్కుతీగ చుట్టలుండెనని పిమ్మట తెలిసినది. వైద్యులు గుండు కుడివైపుననే యున్నదని తలచి అటే వెదకించిరి. అది ఎడమవైపున నుండెను. సెప్టెంబరు 19వ తేదీన అధ్యక్షుడు మరణించెను. యంత్రము చేయువారెల్లరు ఈ కథను జ్ఞప్తియందుంచుకొనవలెను. యంత్రమెంత మంచిదైనను, దాని చుట్టునున్న లోహమును, వెదకువాని పూర్వనిశ్చయమును దానిని చెఱచగలవు.

ఇప్పుడు నిర్మాణము. యంత్రమునకు ఐదు భాగములు: బ్యాటరీ, స్పందమును పుట్టించునది, తీగచుట్ట, మిగులును వినునది, ధ్వని చేయునది.

బ్యాటరీ 12 వోల్టులది. స్పందములను పుట్టించుటకు 555 అను చిప్పు చాలును. సెకండునకు సుమారు 600 స్పందములు, ఒక్కొక్కటి సుమారు 100 మైక్రోసెకండుల కాలము. ఆ స్పందము మాస్ఫెట్టు అను ట్రాన్సిస్టరును తెఱచును. మేము వాడినది ఐ.ఆర్.ఎఫ్. 740. అది తెఱచియున్న స్వల్పకాలములో తీగచుట్టలో విద్యుత్తు రెండు మూడు ఆంపియర్ల వఱకు పెరుగును. అది మూసికొనగానే చుట్ట కొనలయందు నాలుగువందల వోల్టుల దెబ్బ లేచును. పండ్రెండు వోల్టుల బ్యాటరీయే గదా యని చుట్టకొనలను చేతితో ముట్టరాదు. నేనొకసారి ముట్టి చూచితిని. రెండవసారి ముట్టలేదు.

తీగచుట్టకు 19 సెంటీమీటర్ల వెడల్పుగల వెదురుకట్టును వంచి, దానిమీద 26 చుట్లు చుట్టితిమి. రాగి మందము అర మిల్లీమీటరు. ఈ కొలతలకు దాని ప్రేరకత్వము ఇంచుమించు 285 మైక్రోహెన్రీలగును. చుట్టను మోయుటకు వెదురుకఱ్ఱ; బిగించుటకు దారము, కొబ్బరిపీచు త్రాడు. ఒక్క మేకుగాని మరగాని వాడరాదు. బెల్ దొర పరుపును మఱవరాదు.

వినుభాగమున 5534 అను వర్ధకపు చిప్పు ఉండును. నాలుగువందల వోల్టులు దానిపై పడినచో అది బ్రదుకదు. కనుక ఒక నిరోధమును, ఎదురెదురుగా రెండు డయోడులను కాపలా పెట్టవలెను. చిప్పు వేయిరెట్లు పెంచిన సంకేతమును ఒక ద్వారము నిర్ణీతక్షణమున మాత్రము తెఱచి లోనికి తీసికొనును. నూఱు మైక్రోసెకండుల పిమ్మట అదే ద్వారము రెండవసారి తెఱచుకొనును. మొదటి దానినుండి రెండవ దానిని తీసివేసినచో, భూమియొక్క అయస్కాంతబలమువలన వచ్చు దోషము పోయి, లోహముయొక్క పలుకు మాత్రము నిలుచును. ఆ పలుకు బలమును బట్టి ధ్వని హెచ్చును.

ఇంతవఱకు చెప్పినది పుస్తకములలో దొరకును. పుస్తకము చూచి చేసిన యంత్రము మొదటి దినమున పనిచేయదు. మాది చేయలేదు. ఎడతెగక అఱచుట మొదలుపెట్టెను.

వ్యాకరణము చదువుకొను దినములలో మా గురువుగారు ఒక నియమము చెప్పెడివారు. వాక్యము అర్థము కానప్పుడు వాక్యమంతటిమీదను కోపపడరాదు; పదచ్ఛేదము చేయవలెను; తెలిసిన పదమునుండి తెలియని పదమునకు పోవలెను. ఇక్కడను ఆ నియమమే పనికివచ్చినది. మొదట బ్యాటరీ, పిమ్మట స్పందము, పిమ్మట చుట్ట, పిమ్మట వినుభాగము, తుదకు ధ్వని. ఈ క్రమమున ఒక్కొక్కదానిని వేఱుచేసి పరీక్షింపవలెను. ఒకేసారి రెండు మార్పులు చేయరాదు. చేసినచో దేనివలన కుదిరినదో, దేనివలన చెడినదో తెలియదు. మేము చేసిన ప్రతి మార్పును తేదీతో ఒక పుస్తకమున వ్రాసికొంటిమి.

ఎడతెగని అఱపునకు కారణము చుట్టలోనే యుండెను. స్పందమాగిన పిమ్మట చుట్ట తానే గంటవలె మ్రోగుచుండెను. దానిని అణచుటకు చుట్ట కొనలమధ్య ఒక నిరోధమును ఉంచుదురు. ఆ నిరోధము ఎక్కువయైనచో మ్రోత అణగదు. తక్కువయైనచో అణగుట మిక్కిలి ఆలస్యమగును. నాలుగువందలనుండి వేయి ఓముల నడుమ మాఱు నిరోధము నొకదానిని పెట్టి, మా శిష్యుడు తన దుకాణమునుండి తెచ్చిన ఆసిలోస్కోపు తెరమీద గీతను చూచుచు, ఊగులాట సరిగా మాయమైనచోట ఆపితిమి. అఱపు ఆగెను. దూరమున పట్టిన ఐదు రూపాయల నాణెమునకు యంత్రము పలికెను. మేమిద్దరము చిన్నపిల్లలవలె సంతోషించితిమి.

ఆ సంతోషము సాయంకాలమువఱకును నిలువలేదు. మా యింటి యిల్లాలు తన పుస్తెనొకదానిని పళ్లెములో కాదు, పీటమీద పెట్టి “దీనికి పలుకునేమో చూడుడు” అనెను. యంత్రము పలుకలేదు. చుట్టను పుస్తెకు తాకించినను పలుకలేదు. మేకునకు పలుకును, నాణెమునకు పలుకును, గొడ్డలికి మూరెడు దూరమునుండియే కేకవేయును. బంగారమునకు మాత్రము మౌనము. నాకు నిరాశ కలిగెను. శిష్యుడు మాత్రము చాలసేపు ఆలోచించి ఇట్లనెను: “యంత్రం తప్పు చెప్పడం లేదండీ మాస్టారూ. మనమే ఆలస్యంగా అడుగుతున్నామండీ.”

నిజమే. మా ద్వారము స్పందమాగిన ముప్పది మైక్రోసెకండులకు తెఱచుకొనుచుండెను. పుస్తెలోని సుడి అంతలో ఆఱిపోవుచుండెను. గంటమ్రోత ఆగిన పిదప చెవియొగ్గినవానికి ఏమి వినబడును? కనుక ద్వారమును ముందుగా, పది మైక్రోసెకండులకే తెఱవవలెను. తెఱచితిమి. మఱల ఎడతెగని అఱపు! చుట్ట తన సొంత అలజడి అప్పటికి అణగలేదు.

ఈ చిక్కు మూడు వారములు పట్టెను. చుట్టలోని తీగలు ఒకదానికొకటి ఎంత చేరువగా నుండిన అంత విద్యుద్ధారణము వానిమధ్య ఏర్పడును. అది ఎక్కువైనకొలది అణచు నిరోధమును తగ్గింపవలసివచ్చును. నిరోధము తగ్గినకొలది అణగుట ఆలస్యమగును. మేము సన్నని పూతగల మోటారుతీగను గట్టిగా బిగించి, పైన బట్టపట్టీ చుట్టియుంటిమి. చూచుటకు ఎంతో ముచ్చటగా నుండెను. అదియే దోషము. దానిని విప్పివేసి, దళసరి ప్లాస్టికు తొడుగుగల తీగతో వదులుగా చుట్టితిమి. చుట్టనుండి పెట్టెకు పోవు తీగనుకూడ పొట్టిచేసితిమి. అప్పుడు నిరోధమును ఇంచుమించు ఏడువందల ఓములకు పెంచగలిగితిమి. చుట్ట ఎనిమిది మైక్రోసెకండులకు శాంతించెను. పది మైక్రోసెకండులకడ ద్వారము తెఱచి పుస్తెను చూపగా, యంత్రము నాలుగైదంగుళముల దూరమునుండి సన్నగా పలికెను. ముచ్చటగానున్న చుట్టకంటె అంద వికారముగానున్న చుట్ట బంగారమును చక్కగా వినును.

మఱికొన్ని దోషములను త్వరగా చెప్పెదను. ఈ పనికి పూనుకొనువారికి ఉపయోగపడును. ధ్వని అలలవలె హెచ్చుచు తగ్గుచున్నచో చేరువలో కరెంటుతీగలో, నీటిమోటారో ఉన్నవని తెలిసికొనవలెను. మన కరెంటు సెకండునకు 50 ఆవర్తనములది. స్పందముల సంఖ్యను కొంచెము అటునిటు త్రిప్పినచో ఊగులాట అణగు చోటొకటి దొరకును. తడిగడ్డి తగిలినప్పుడెల్ల యంత్రము ఉలికిపడినచో చుట్టకు కవచము లేదన్నమాట. పలుచని అల్యూమినియపు రేకును చుట్టచుట్టును తొడిగి పెట్టెలోని భూతీగకు కలుపవలెను. కాని ఆ రేకు పూర్తి వలయము కారాదు. ఒకచోట అంగుళమంత ఖాళీ విడువవలెను. విడువనిచో రేకే ఒక లోహపు కడియమై ఎల్లప్పుడును పలుకుచుండును. రేకునకును తీగలకును నడుమ దళసరి స్పాంజి ఉండవలెను. లేనిచో వెనుకటి చిక్కు మఱల వచ్చును. ఎండలో నిలిచినకొలది ధ్వని తనంతట తాను మాఱినచో యంత్రమును నీడలో పావుగంట వేడెక్కనిచ్చి పిదప సరిచేసికొనవలెను. ఒక దినమున ప్రతి యడుగునను యంత్రము పలికినది. అరగంట వెదకిన పిదప కారణము తెలిసెను: నా మొలత్రాటికి వ్రేలాడు బీరువా తాళపుచెవి!

చుట్ట పరిమాణమును గూర్చి ఒక మాట. లోతుననున్న బిందెను వెదకువారికి మూరెడు వెడల్పుగల చుట్ట మేలు. చిన్న వస్తువు అంత పెద్దచుట్టకు వినబడదు. ఏది వెదకుచున్నామో ముందు నిశ్చయించుకొని చుట్ట చుట్టుకొనవలెను.

మన సీమకు ఈ తరగతి యంత్రమే తగినదనుటకు మఱియొక కారణము కలదు. దక్కను పీఠభూమిలోని నల్లరాతినుండి గోదావరి కొట్టుకొని తెచ్చు ఒండ్రులో అయస్కాంతమునకు అంటుకొను నల్లరేణువులు మెండు. సముద్రతీరమున అవి నల్లయిసుక చారలై కనబడును. పైగా తీరగ్రామములలో నేల ఉప్పుబాఱియుండును. ఎడతెగని తరంగముతో పనిచేయు సాధారణశోధకములు నల్లయిసుకకును ఉప్పునీటికిని భ్రమపడును. ఉప్పునీటిలోను సుడి పుట్టును గాని, అది మిక్కిలి త్వరగా ఆఱిపోవును. మన ద్వారము తెఱచునప్పటికి అది యుండదు. దీనికొక లోపమును చెప్పవలెను: ఇనుమునకును బంగారమునకును ఇది భేదము చెప్పలేదు. పలికినచోటనెల్ల త్రవ్వవలసినదే.

మార్గశిరమున కోతలైనవి. కుప్ప నూర్చిన పిదప మడి ఎండి బీటలు వాఱెను. దాళ్వాకు నీరు పెట్టి దమ్ము చేయుటకు పది దినములే గడువు. దమ్ము చేసినచో పుస్తెలు ఇంకను లోతునకు దిగును, లేదా ట్రాక్టరు చక్రములతో ఎటో పోవును. ఆసామి అనుమతి తీసికొని, మడిని కొబ్బరిత్రాళ్లతో రెండేసి అడుగుల బాటలుగా విభజించితిమి. చుట్టను నేలకు రెండంగుళముల ఎత్తున ఆనించి ఆనించనట్లు, ఒక బాటలోని సగము చోటు రెండవసారి కూడ వచ్చునట్లు, మెల్లగా త్రిప్పుచు నడచితిమి. పలికినచోట వెదురుపుల్ల గ్రుచ్చితిమి.

మొదటి దినమున మేకులు, నాగటికఱ్ఱు ముక్క, ఎడ్ల నాడెములు. రెండవ దినమున ట్రాక్టరు మరలు, పురుగుమందు సీసాల రేకుమూతలు, ఒక పాత రాగి కానీ. గట్టుమీద చూచువారు మొదట ఇరువదిమంది. రెండవనాటి సాయంకాలమునకు ముగ్గురు. మూడవ దినము మధ్యాహ్నము, అరువదిమూడవ పుల్లకడ, సన్నని ధ్వని. బెత్తెడు లోతున మట్టిగడ్డను చిదిపినప్పుడు అందులో ఒక పుస్తె కనబడెను. పసుపుత్రాడు కుళ్లి, రెండు పోగులు మాత్రము రంధ్రమున అంటియుండెను. రెండవ పుస్తెకై మిగిలిన దినములన్నియు వెదకితిమి. అది దొరకలేదు. నేటికిని దొరకలేదు.

ఒక్క పుస్తె చాలును. త్రాడు తెగి మడిలోనే పడినదని దానివలన తేలినది. పోగొట్టుకొన్న యామె దానిని కన్నుల కద్దుకొని, మాకు మ్రొక్కి, అక్కడనుండి తిన్నగా వితంతువు ఇంటికి పోయెను. వారిద్దరు ఏమి మాటలాడుకొనిరో నాకు తెలియదు. సాయంకాలము నేనును పోయితిని. “అమ్మా, ఆనాడు రచ్చబండకడ నాకు తెలిసినమాట నేను చెప్పలేదు. తప్పు నాది” అంటిని. ఆమె చేటలోని బియ్యమును చెరుగుట ఆపక, “దొరికిందంట కదండీ మాస్టారూ. మంచిదేనండీ. మరి నాలుగు నెలల కూలి ఎవరిస్తారండీ?” అనెను.

నాయొద్ద సమాధానము లేకుండెను. మఱునాడు పెద్దలను నేనే పిలిపించితిని. వారును తలలు వంచుకొనిరి. ఆసామి దాళ్వా నాట్లకు ఆమెనే ముందుగా పిలిచెను. గడచిన కూలిలో కొంత పెద్దలు, కొంత నేను చెల్లించితిమి. మొత్తము కాదు. పోయిన మాటకు వెల కట్టుటకు మాకు చేతకాలేదు.

ఈ ప్రసంగము విని యంత్రము చేయబూనువారికి మఱియొక హెచ్చరిక. ఇది నిధులకు దారి చూపునని ఆశపడవలదు. మన నేల పురాతనమైనది. ధవళేశ్వరమున తూర్పుచాళుక్యుల, చోళుల బంగారునాణెముల రాశి బయల్పడినది. ఆదుఱ్ఱులో, గుంటుపల్లిలో బౌద్ధావశేషములున్నవి. పెదవేగి శాలంకాయనుల రాజధాని. ఇట్టి రక్షితస్థలములలో ప్రభుత్వానుమతి లేక త్రవ్వుట నేరము. నేరమగుటయే కాదు, నష్టము కూడ. పొరనుండి పెఱికిన నాణెము వాక్యమునుండి పెఱికిన పదమువంటిది. పదము చేతిలోనుండును, అర్థము పోవును.

1878 నాటి నిధిచట్టము నేటికిని అమలులో నున్నది. పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినవాడు, అదేమియో, ఎక్కడ ఎప్పుడు దొరకెనో కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. తెలుపక దాచినవానికి జైలుశిక్షయో, జరిమానాయో, రెండునో కలుగవచ్చును. తన పాలునుకూడ పోగొట్టుకొనును. ధర్మశాస్త్రము తెలిసినవారికి ఇందు వింతలేదు. యాజ్ఞవల్క్యస్మృతికూడ దొరకిన నిధిని రాజునకు నివేదింపనివాడు దండ్యుడని విధించినది. ఇక ఇతరుల చేనిలో పోయిన వస్తువు దొరకినచో, దానికి యజమానుడున్నాడని మఱవరాదు.

ఉపాధ్యాయులు తమ విద్యార్థులచేత ఈ యంత్రమును చేయించినచో ఎంతో మేలని నా అభిప్రాయము. ఫారడే నియమమును పలకమీద వ్రాసి చెప్పినదానికంటె, పీటక్రింద దాచిన ఉంగరమును వెదకించినచో పిల్లలకు శాస్త్రము చక్కగా పట్టుపడును. పశువులు మేతలో మేకులను, తీగముక్కలను మ్రింగి చచ్చిపోవుట మనము చూచుచునే యున్నాము. గడ్డిమేటు చుట్టును, కళ్లమునందును ఒక్కసారి త్రిప్పినను కొన్ని గేదెలు బ్రదుకును. పిల్లలకు ముందుగా నేర్పవలసిన సంగతి మాత్రము ఒకటి కలదు. యంత్రము పలికినచో అక్కడ లోహమున్నదని మాత్రమే అర్థము. అది బంగారమని కాదు. యంత్రము పలుకకున్నచో అక్కడ లోహము లేదని కాదు. తనకు వినబడలేదని మాత్రమే. మా రెండవ పుస్తె ఆ మడిలోనే యున్నది. అది దొరకలేదు గనుక ఎవరో తీసిరని ఇప్పుడు మా యూర ఎవరును అనుటలేదు.

మొన్నటి శ్రావణమున మా ప్రక్క గ్రామమున ఒకరి వెండి మొలత్రాడు పోయినది. అంజనము వేయించుటకు ముందు మా యింటికి వచ్చి యంత్రము నడిగిరి. ఇచ్చి పంపితిని. బ్యాటరీ నింపి, తాళపుచెవులు ఇంటనే విడిచి పొమ్మని చెప్పి, నేనును వారి వెంట పోయితిని.